గాలి మిగిల్చిన తొంభై నిమిషాలు

"నెమలి రేపు విమానం ఎక్కుతోంది," అన్నాడు చీఫ్, మ్యాప్ మీద స్కేలు పెట్టి. నెమలి అన్నది ఒక గూఢచారిణి మారుపేరు. "పదివేల రెండు వందల కిలోమీటర్లు. లిప్‌స్టిక్‌లో మైక్రోఫిల్మ్. అవతల మనకి పనిచేసే పదకొండు మంది పేర్లు అందులో ఉన్నాయి."

"ఇక్కడే పట్టుకోవచ్చుగా సార్?"

"డిప్లొమాటిక్ పాస్‌పోర్ట్. ముట్టుకోలేం. నువ్వు ఇవాళే బయల్దేరు." చీఫ్ గొంతు తగ్గింది. "మొదటి పేరు మీ బావమరిదిదేనోయ్."

ఏజెంట్ కుర్చీలోంచి రెండో ప్రయత్నంలో లేచాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు, ఆ దారిలో నలభై ట్రిప్పులు. అన్నీ నడుముకి గుర్తే. నెమలి దిగబోయే ఊళ్ళో మందుల షాపు నడుపుకునే బావమరిదిని ఈ పనిలోకి దించింది తనే.

"ఆమె కోసం ఎవరొస్తారు?"

"ఆమెని పంపిన ముఠా మనుషులు ఇద్దరు. వాళ్ల మొహాలు ఆమెకి తెలీవు, కోడ్ మాత్రమే తెలుసు. కోడ్ మన దగ్గరుంది. వాళ్లకంటే ముందు నువ్వు కలవాలి, అంతే."

ఆ ముఠా పద్ధతి ఏజెంట్‌కి తెలుసు. ఫోన్ చెయ్యరు. ఎంక్వైరీలో అడగరు. కెమెరా ఉంటుందని విమానాల టైములు చూపించే బోర్డు వంక తలెత్తరు. పోవడానికి ఎంతసేపో రావడానికీ అంతే అని వాళ్ల లెక్క. నెమలి ఆ ఊరి నుంచి పడమటికి, ఇక్కడికి, ఎదురుగాలిలో వచ్చింది, పదమూడు గంటలు పట్టింది. తిరిగి వెళ్లేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది. పదకొండున్నర చాలు.

"తొంభై నిమిషాలు మిగులుతాయి సార్. సరిపెట్టుకుంటాను."

అనుకున్నట్టే నెమలి విమానం దిగింది. గేటు ఖాళీ లేక నలభై నిమిషాలు బయటే నిలబడింది. లగేజి బెల్టు ఆగిపోయి ఇంకో నలభై మింగింది. డ్రైవర్ టోపీ, అతికించిన మీసంతో నిలబడ్డ ఏజెంట్‌కి చివరికి మిగిలినవి పది.

నెమలి బయటికొచ్చింది. ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు. జనం తిరిగి తిరిగి చూస్తున్నారు.

"గొడుగు తెచ్చారా?" ఏజెంట్ కోడ్ అడిగాడు.

"వాన అక్కడే వదిలేశాను." నెమలి కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నలుపు. "డ్రైవరుగారూ, మావాళ్లు ఇంత తొందరగా వచ్చే రకం కాదు. ఎవరు మీరు?"

అబద్ధం ఆడే ఓపిక కూడా లేకపోయింది.

"అవతలివాణ్ణే. అరవాలంటే అరవండి. కాకపోతే, మీకు ముందు ఇలాంటి సరుకు తెచ్చిన ఇద్దరూ ఈ డోరు దాటాక మళ్లీ ఎవరికీ కనబడలేదు."

"తెలుసు. దారంతా అదే ఆలోచించాను." నీరసంగా నవ్వింది. "మీ చీఫ్‌కీ రెండేళ్లు పనిచేశాను. ఆయనా ఏం తక్కువ తినలేదు. నేనిప్పుడు ఎటు పోను?"

"మెట్లెక్కితే డిపార్చర్స్. ఎటైనా పొండి."

లిప్‌స్టిక్ అతని అరచేతిలో పడింది. ఆమె హీల్స్ చప్పుడు పై మెట్టు దాటుతుండగానే అద్దాల తలుపు తిరిగింది. ఇద్దరు మనుషులు తలలు దించుకుని వచ్చి, అతని భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. వాచీలు చూసుకున్నారు.

"నయంరా, ముందే వచ్చాం," అన్నాడొకడు.

ఏజెంట్ వాళ్లకి చోటిచ్చి, తీరిగ్గా బయటికి నడిచాడు.

మందుల షాపులో బావమరిది ఎగిరి గంతేశాడు. "చెప్పాపెట్టకుండా ఏంటి బావా! ఆ మీసం ఒక పక్క ఊడిందేం? ఎన్నాళ్లుంటావ్?"

"అరగంట. ఫ్లైటుంది."

లిస్టు సంగతి ఎత్తలేదు. భయపడినవాడు మందులచీటీ కూడా తప్పు చదువుతాడు.

"అరగంట కోసం ఇంత దూరమా! అక్క ఊరికే అనదు, నీకు లెక్క చేతకాదు బావా."

నిజమేనని ఒప్పుకుని, ఏజెంట్ నడుం నొప్పికి రెండు మాత్రలడిగాడు.