నలభై ఒకటో గుంట

ఖరగ్‌పూర్‌లో మనవాళ్ళ, అంటే తెలుగు క్రైస్తవుల, సమాధుల తోటలో ఒక మూల ఉంది. గోడకి అవతల నిమ్‌పురా రైల్వే యార్డు, ఇవతల పసిపిల్లల వరస. ఆ మూలకి చెడ్డపేరు.

చీకటి పడ్డాక అక్కడ నిలబడి "ఎవరది?" అంటే... ఆ మూల పలుకుతుందట.

నేనెప్పుడూ లెక్కచెయ్యలేదు. యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటాయి, ఆ చప్పుడు గోడకి తగిలి తిరిగొస్తుంది. దాన్ని దెయ్యం అంటారు. ముప్పయ్యేళ్ళు ఆ వ్యాగన్ల మధ్యే బతికిన మగాళ్ళు కూడా అంటారు.

ఈ మధ్య ఆ దెయ్యానికి పేరు కూడా పెట్టారు. తబిత.

నా పేరూ తబితే. ఆ పేరు దానికెలా వచ్చిందో చెబుతాను. కొంత నాకు జరిగింది. కొంత వేరొకరు చెప్పగా విన్నది.

పద్నాలుగేళ్ళ క్రితం నాకొక ఆడపిల్ల పుట్టింది. "గుంట అచ్చం నీలాగే ఉంది" అంది మా అత్త. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. రెండు రోజులు ఉంది. పేరు పెట్టలేదు. ఆస్పత్రివాళ్ళు చీటీ మీద ఇంగ్లీషులో బి అని రాసి, ఏటవాలుగా గీత గీసి, ఓ అని రాసి, పక్కన తబిత అని రాశారు. బేబీ ఆఫ్ తబిత. తబిత బిడ్డ. అంతే.

నా భర్త ఏబెల్ గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగి నేరుగా ఆస్పత్రికి వచ్చాడు. పెట్టెలో బట్ట చాలలేదు. తన డ్యూటీ సంచిలోంచి ఒక గుడ్డ తీసి బిడ్డకి కప్పి, మూత తనే బిగించాడు. చూసింది నేనొక్కదాన్నే.

నలభై ఒకటో నంబరు. ఒక రేకు పలక. ఇంకేమీ లేదు.

ఈ ఏడు తోటకి కొత్త కమిటీ వచ్చింది. సెక్రటరీ జాన్ పాల్ గారు. రైల్వే ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ లీవు కాగితాలు తిప్పి పంపారు. రిటైరయ్యాక తిప్పి పంపడానికి చచ్చినవాళ్ళు దొరికారు. పద్నాలుగు రూళ్ళు రాసి గేటు దగ్గర బోర్డు కట్టించారు. ఐదు దాటాక లోపల ఎవరూ ఉండరాదు. ఐదు దాటాక కొవ్వొత్తి వెలిగించరాదు — లోపల ఎవరూ ఉండకూడనప్పుడు వెలిగించేదెవరో ఆయనకే తెలియాలి. ఏడుపు ఇతరులకు ఇబ్బంది లేని రీతిలో ఉండాలి. ఆరోది చూడండి. పద్నాలుగేళ్ళు నిండిన సమాధికి దగ్గర బంధువు అర్జీ పెట్టకపోతే, దాన్ని తెరిచి ఇంకొకరికి ఇస్తారు.

తోటలో చోటు లేదు. ఆ మాట నిజమే. అర్జీ పెట్టమన్నారు, పెట్టాను.

జాన్ పాల్ గారు రిజిస్టరు తెరిచారు. వేలు నలభై ఒకటి మీద ఆగింది.

"మరణించినవారు బి.ఓ. తబిత. మీరేటవుతారు?"

"తల్లిని."

"మీ పేరు?"

"తబిత."

కళ్ళజోడు తీశారు. "లోపలున్నదీ తబితే, అర్జీ ఎట్టినదీ తబితే. ఎలాగమ్మా?"

"అది ఇంటిపేరు కాదండి. బేబీ ఆఫ్. మద్దిన గీత ఉండాల. మీవోళ్ళు గీత తీసేసి సుక్కలెట్టినారు."

"రిజిస్టర్లో సుక్కలే ఉన్నాయి."

బెంగాలీవాడైతే ఈ తప్పు చెయ్యడు. వాళ్ళ ఇంటిపేరు చివర ఉంటుంది. పేరు ముందు రెండక్షరాలు కనపడితే చాలు, ఇంటిపేరే అనుకుని చుక్కలు పెట్టేది మన తెలుగు గుమస్తాయే.

"పిల్లల వరసలో ఉంది కదండీ. పెద్దమనిషిని అక్కడెందుకు పెడతారు?"

"అదీ తప్పే. పాత కమిటీ చేసినాది."

"అయితే నాను సచ్చిపోయినట్టేనా?"

"రిజిస్టరు ప్రకారం." నవ్వను కూడా లేదు. "సచ్చిపోయినోళ్ళు తమకి తామే అర్జీ ఎట్టుకోకూడదు."

"అలాటి రూలుందేటండీ?"

"లేదు. ఎల్లుండి మీటింగులో ఎడతాం."

పెట్టారు కూడా. పదిహేనో రూలు. నా అర్జీ తిరిగొచ్చింది.

నెల తిరక్కుండా నలభై ఒకటి మీద రేకు పలకకి కొత్త రంగు వేయించారు. బి.ఓ. తబిత. నా పేరు అంత అందంగా ఎవరూ ఎప్పుడూ రాయలేదు.

డిసెంబరు మొదటి వారం. మధ్యాహ్నం బుజ్జిబాబు మా గుమ్మంలోకి వచ్చాడు. తోటలో గుంటలు తవ్వేది అతనే. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా... శామ్ మావ పోయినాడు. రేపు పదిగంటలకి మట్టి."

"పాపం."

"నలభయ్యొకటి తవ్వమన్నారు."

నా చేతిలో బియ్యం చేట ఉంది. అలాగే ఉంది.

"అది పసిపిల్ల గుంట. పెద్దమనిషికి సాలుతాదేటి?"

"పక్కదీ కలిపి తవ్వమన్నారు."

"తవ్వుతావేటి?"

"నా పనదే గదక్కా." వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి అన్నాడు. "ఈయేల గేటుకి తాళం ఏసినట్టు ఏసి ఒగ్గేస్తాను."

ఏబెల్ టాటానగర్ లైన్లో ఉన్నాడు. ఫోను కలవలేదు.

సాయంత్రం ఆరింటికి వెళ్ళాను. ఒక్కదాన్నే. తెల్లారేదాకా అక్కడే కూర్చుంటాను, తవ్వితే నా మీంచి తవ్వమను, అనుకున్నాను. మంచు పడుతోంది. పాత తెల్లచీర తల మీంచి కప్పుకున్నాను. కొవ్వొత్తి వెలిగించలేదు. రూలు కదా.

యార్డులో వ్యాగన్లు గుద్దుకున్నాయి. గోడ ఆ చప్పుడు తిప్పి పంపింది. తర్వాత ఏమీ లేదు... చాలాసేపు ఏమీ లేదు.

ఎడమ భుజం బరువెక్కింది. చలికి అనుకున్నాను.

అప్పుడు గేటు కిర్రుమంది.

టార్చి వెలుగు. కొలతల టేపు. ముక్కుకి జేబురుమాలు. జాన్ పాల్ గారు — ఐదు దాటాక ఎవరూ ఉండరాదని రాసిన మనిషి — రేపటి గుంట కొలుచుకోడానికి వస్తున్నారు. భయానికి పాట కూనిరాగం తీస్తున్నారు. సగం చరణంలో ఆగారు.

నన్ను చూశారు.

"ఎ... ఎవరది?"

ఆ మూల పలికింది. నేనే పలికాను.

"తబితను."

టార్చి రేకు పలక మీదకి వెళ్ళింది. కొత్త రంగు మెరిసింది. బి.ఓ. తబిత. తిరిగి నా ముఖం మీదకి వచ్చింది. ఆయన నోరు తెరుచుకుంది. నాకు నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే. రిజిస్టరు ప్రకారం ఆయన చూస్తున్నది సరిగ్గానే ఉంది.

కానీ టార్చి నా ముఖం మీద ఆగలేదు. కొంచెం పక్కకి జరిగింది. అక్కడ ఆగింది... వణుకుతూ ఆగింది.

"ఆ... ఆ గుంట ఎవురిది?" గుసగుసలా అన్నారు.

ఇన్నాళ్ళకి అడిగాడు మనిషి. మట్టి మీద చెయ్యి వేశాను.

"నాది."

టార్చి పడిపోయింది. ఆయన పరుగు చూడాల్సిందే. రెండు సిలువలకి తగిలారు. ఒక చెప్పు వదిలేశారు. గేటు అవతల రోడ్డు మీద "బాచావ్, దాదా, బాచావ్" అని బెంగాలీలో అరవడం వినపడింది. ప్రాణం మీదికొస్తే ఇంటిపేరే కాదు, సొంత భాష కూడా గుర్తుండదు ఆ మనిషికి.

ఆ చెప్పు తెచ్చి రూళ్ళ బోర్డు కింద పెట్టాను. తెల్లారి బుజ్జిబాబు పలుగు పట్టనన్నాడు. కూలీలెవరూ పట్టనన్నారు. శామ్ మావని ముందే పోయిన ఆయన భార్య పక్కన, ఉన్న చోటులోనే సర్దారు. అలా సర్దొచ్చని అంతవరకూ ఎవరికీ తోచలేదు మరి!

ఆదివారం కమిటీ కూర్చుంది. పదహారో రూలు పుట్టింది. నలభై ఒకటో నంబరు ఎన్నటికీ తెరవరాదు.

బతికున్న తల్లి అర్జీ పెడితే తిప్పి పంపారు. దెయ్యం ఒక్క మాట అంటే రూలు రాశారు. మనవాళ్ళ పద్ధతి ఇది.

ఇక్కడితో అయిపోతే ఈ కథ రాసేదాన్ని కాదు.

ఆ రాత్రి పట్టుకున్న జ్వరం జాన్ పాల్ గారికి తగ్గలేదు. భార్య దేవమణక్క మంచిది. ఆమె కోసమే వెళ్ళాను. వంటింట్లో కూర్చుని చెప్పేశాను.

"అక్కా, అది దెయ్యం కాదు. నానే."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఓలమ్మ! ఇన్ని రూళ్ళు రాసిన మొగోడు! ఉండు, సెప్పొస్తాను" అని లోపలికి వెళ్ళింది.

తిరిగి వచ్చినప్పుడు నవ్వు లేదు.

"నువ్వన్నది నమ్మినారు. బతికున్న తబితే అని ఒప్పుకున్నారు."

"మరేటి?"

"మరి ఆ గుంటెవరు అని అడుగుతున్నారు."

"నా బిడ్డ గుంటే కదక్కా. నలభయ్యొకటి."

"మట్టి గుంట గురించి కాదే." గొంతు బాగా తగ్గించింది. "నీ పక్కన కూకున్న గుంట. పద్నాలుగేళ్ళుంటాయట. అచ్చం నీలాగే ఉందట. నీ ఎడమ బుజం మీద తల ఆన్చి... ఎవురిదని అడిగితే, నాది అన్నావట."

ఆ మనిషి గీతకీ చుక్కకీ తేడా చూడలేనివాడు, ఆయన చూపునా నమ్మేది, అనుకున్నాను. అనుకోవాలని చూశాను.

"ఇంకోటి సెప్పినారు. మెడ సుట్టూ ఏదో సిన్నగుడ్డ సుట్టుకుందట. ఆకుపచ్చది. గార్డులు ఊపుతారే... ఆ జెండా."

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

పద్నాలుగేళ్ళ క్రితం ఏబెల్ తన పచ్చజెండా లైన్లో పోయిందని ఆఫీసులో రాసిచ్చాడు. పోయినది ఎక్కడికో అతనికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి ఏబెల్ డ్యూటీ దిగి వచ్చాడు. బూట్లు విప్పుతుంటే అంతా చెప్పాను. నమ్మలేదు అనలేదు, నమ్మాను అనలేదు. ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

రెండోది విప్పకుండానే అడిగాడు.

"పద్నాలుగేళ్ళ పిల్లకి... ఆ గుడ్డ సాలుతాదేటి, ఈ సలికి?"