వరసలో ఖాళీ

నర్సీపట్నం ఉన్నత పాఠశాల పాత భవనాన్ని సోమవారం పడగొట్టబోతున్నారు. కొండల నుంచి, నాతవరం చేల నుంచి దిగివచ్చిన ఎన్ని తరాల పిల్లలకో వరసలో నిలబడడం నేర్పిన బడి అది. గోడల మీది పదో తరగతి ఫొటోలన్నిటినీ దింపి వసారాలో ఆనించారు. చివరిసారి చూసుకోవడానికి పాత విద్యార్థులు వచ్చారు. బయట ముసురు.

గౌతమి తమ ఏటి ఫొటో ముందు నిలిచిపోయింది. అమ్మాయిల వరస ముగిసి అబ్బాయిల వరస మొదలయ్యే చోట ఒక మనిషి పట్టేంత ఖాళీ. దాని పక్కన అనంత్.

ఆ ఫొటో తీసింది ఆమె తండ్రి సూరన్న కొండమీద కన్నుమూసిన వారంలో. వాగు పొంగి ఆమె దిగిరాలేకపోయింది. తరువాత ఆ ఫొటో చూసి, కొండజాతి హాస్టల్ పిల్ల చోటులో నిలబడడానికి ఎవరికీ మనసొప్పలేదు కాబోలనుకుంది. చింతపల్లిలో తెలుగు పంతులమ్మ అయిన తరువాత కూడా ఆ ముల్లు ఊడిరాలేదు.

"ఏటి గౌతమీ, పలకరిస్తే పాపమా?" వెనుక అనంత్. ఇప్పుడు తహసీల్దారు కచేరీలో ఉద్యోగి.

"ఎందుకులే, మా పక్కన నిలబడితే మైల కదా."

"నేనేటి సేసాను?"

"ఫొటోయే సెప్తోంది. సూసుకో."

అతడు నోరు తెరిచేలోగా ఆవరణలో ఈల మోగింది. రిటైరైన డ్రిల్లు మాస్టారు గణేశ్వరరావుగారు. నడుము వంగింది గాని ఈల వంగలేదు.

"బేగి రండర్రా! కడసారి ఫొటో ఇది. కెమెరా తడిసిపోతాది!"

"నేను రాను. బస్సుంది" అని గౌతమి గొడుగు విప్పింది. అనంత్ తలవంచుకొని వెళ్లాడు.

ఆమె గేటు చేరుతుండగా మాస్టారి కేక వినబడింది.

"ఒరే అనంత్, జరగరా! మళ్లీ ఖాళీ ఏటి? ఆనాడూ ఇదే మొండితనం. 'గౌతమి దిగొస్తాది మాస్టారూ, ఆ సోటు ఆ పిల్లది' అని నా సేతి దెబ్బ తిన్నావు గాని, అంగుళం కదిలావా?"

వరసంతా నవ్వింది. అనంత్ నవ్వలేదు, జరగలేదు.

గౌతమి పాదాలు ఆగిపోయాయి. తండ్రి చితి ఇంకా ఆరని ఆనాడు, ఈ నేలమీద తనకొక చోటు కాచుకొని ఉన్నదన్నమాట! గొడుగు ముడిచి, తడుస్తూ వచ్చి ఆ ఖాళీలో నిలిచింది.

"ఇన్నాళ్లూ సెప్పలేదేం?"

"నువ్వు మాటాడనిస్తే కదా!"

"ఈ సోటు... ఫొటో వరకేనా?"

"బడి పడిపోయినా ఉంటాది. నీకిష్టమైతే."

ఆమె తడిసిన చేతివేళ్లు అతని చేతిని వెతికి పట్టుకున్నాయి.

గణేశ్వరరావుగారు వరసను ఈ కొస నుంచి ఆ కొసకు చూశారు. సరిచేయవలసినదేమీ కనబడలేదు. వెనుక పాత భవనం చూరునీళ్లు కారుస్తూ నిలబడి ఉంది.