పదకొండో మలుపులో పాల డబ్బా

బుకిత్ సెరాయ్ పాత కొండదారిలో పదకొండో మలుపు పేరెత్తితే, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి నోటా మంచి మాట రాదు.

పగలు చూస్తే ఏమీ ఉండదక్కడ. ఎడమ పక్క లోయ. కుడి పక్క గోడలా నిలబడ్డ రాతి గట్టు, దాని మీద అడవి. మలుపు తిరగ్గానే రోడ్డు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. అంతే. కానీ చీకటి పడ్డాక అక్కడ బండిని గట్టిగా తోలినవాళ్ళకి ఒక చప్పుడు వినిపిస్తుందట — ఖాళీ పాల డబ్బాలో గులకరాళ్ళు వేసి పసిపిల్ల ఆడించినట్టు. గల... గల... గలగల...

డురియాన్ పళ్ళమ్మే ముసలాయన ఒకడున్నాడు. వెనకటికి ఆ మలుపులో లారీ కింద మూడేళ్ళ పిల్ల పోయిందని, పోయేటప్పుడు కూడా చేతిలో డబ్బా వదల్లేదని చెప్తాడు. నువ్వు చూశావా తాతా అంటే, మా మామ చూశాడు అంటాడు. మామ పోయి నలభై ఏళ్ళయింది.

రెండేళ్ళలో అక్కడ మూడు బండ్లు పోయాయి. మొదటి రెండింటికీ ఇంజిన్లు పగిలి రోడ్డంతా నూనె. మూడోది నజ్మీ అనే కుర్రాడిది. పగిలిన ఇంజిన్ నూనె వాడి చక్రాల కిందికే వచ్చింది... బండి లోయలోకి జారింది. బండిని తాళ్ళతో లాగారు. నజ్మీని తెల్లగుడ్డలో తెచ్చారు.

అంతకు ముందు రోజే టీకొట్లో చెప్పాడట, డబ్బా విన్నానని.

ఇంకో సంగతి కూడా ఊరందరికీ తెలుసు. ఆ మూడు బండ్లకీ సూపర్‌చార్జర్ బిగించి బలం పెంచిన మనిషి ఒక్కడే — రొస్లాన్. దానికీ జనం దెయ్యాన్నే అన్నారు. అంత మంచి చేతిపని మీద దాని కన్ను పడకుండా ఎలా ఉంటుంది అన్నారు. రొస్లాన్ పెళ్ళాం హస్నా కూడా అదే నమ్మింది.

నమ్మింది కాబట్టే ఆ రాత్రి వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

ఆ కారు ఆమె తమ్ముడు ఇదాంది. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్ళు. హస్నానే పెంచింది. ఇప్పుడు వాడు మూడేళ్ళు కూడబెట్టుకుని ఈ ఎర్ర కారు కొన్నాడు, బావ చేత సూపర్‌చార్జర్ వేయించాడు. శనివారం రాత్రి ఈ కొండ మీదే కుర్రాళ్ళ పోటీ, ఆ లోపు ఒక రాత్రి తోలి సరిచూసుకోవాలి. పదకొండో మలుపు దాటే కదా పైకి పోవాలి. వద్దురా అంటే వినడు. బావ చెయ్యి పడితే భయమేంటక్కా అంటాడు.

సరే, నేనూ వస్తానంది. దెయ్యం దగ్గరికి రాకుండా దేవుడికి దువా చదువుతూ కూర్చుంటానంది.

"మీ అక్కని తెచ్చావు చూడు, మంచి పని చేశావు," అన్నాడు రొస్లాన్. "మీ అక్కకి నేను ఇరవై ఆరేళ్ళుగా భయపడుతున్నాను. దెయ్యం ఒక్క రాత్రికి భయపడదా?"

ఆ కారుకి వెనక సీటని పేరే గాని పిల్లి పడుకునేంత చోటు. హస్నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఇదాం తోలుతున్నాడు. పక్కన రొస్లాన్, ఒళ్ళో లాప్‌టాప్.

రొస్లాన్ పని అంతా చెవితోనే. ఇంజిన్‌కి ఒక రాగి గొట్టం బిగిస్తాడు. దానికి రబ్బరు పైపు, పైపు చివర రెండు చెవి డిప్పలు. డాక్టరు గుండె విన్నట్టు ఇంజిన్‌ని వింటాడు. సూపర్‌చార్జర్ గాలిని దట్టించి లోపలికి కుక్కుతుంది. నిప్పురవ్వ కాస్త ముందు పడితే ఇంకాస్త బలం వస్తుంది. మరీ ముందు పడిందా — పెట్రోలు వేళ కాని వేళ పేలుతుంది, ఇంజిన్ తన గుండె మీద తనే సుత్తి దెబ్బలు వేసుకుంటుంది. అందుకే లాప్‌టాప్‌లో రవ్వని కొంచెం జరపాలి, వినాలి. మళ్ళీ జరపాలి, మళ్ళీ వినాలి.

అలా పేలితే కనిపెట్టడానికి కారుకి పుట్టుకతోనే ఒక చెవి ఉంటుంది. సూపర్‌చార్జర్ ఈలకి అది ఊరికే బెదురుతోందని రొస్లాన్ దాన్ని మూసేశాడు. నా చెవి ఉండగా దాని చెవెందుకు అన్నాడు.

అంత చెవి ఉన్న మనిషి ఇంట్లో మాత్రం మూడుసార్లు పిలిస్తే గాని అన్నానికి రాడు. టీ కెటిల్ ఈలవేసి ఈలవేసి మాడిపోయినా పక్కనే కూర్చుని ఉంటాడు. ధ్యాసంతా ఇంజిన్ల మీదేనని హస్నా విసుక్కునేది. నెలరోజుల నుంచి కొత్తమాట ఒకటి పట్టుకున్నాడు — ఈ ఏడు అడవి మూగబోయిందే, కీచురాళ్ళు లేవు అని. ఆమె సరిగ్గా వినిపించుకోలేదు. వంటింట్లో ఆమె గోల ఆమెది.

తొమ్మిదో మలుపు దాటింది... పదోది దాటింది...

హస్నా పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఉక్కగా ఉందని ఇదాం అద్దాలు దించాడు. పదకొండో మలుపు తిరిగింది. ఎదురుగా ఎత్తు. ఇదాం కాలు అదిమాడు.

సూపర్‌చార్జర్ కేకపెట్టింది. సీటు హస్నాని వెనక్కి తోసింది. అప్పుడు... రాతి గట్టు వైపు నుంచి...

గల... గల... గలగలగల...

దువాలో మాట మర్చిపోయింది.

ఎత్తు పైన ఇదాం బండి పక్కకి తీశాడు. వాడి మెడ మీద చెమట. "అక్కా," అన్నాడు గొంతు తగ్గించి, "నువ్వూ విన్నావా?"

రొస్లాన్ డిప్పలు తీసి మెడలో వేసుకున్నాడు. ఏంట్రా వినేదన్నాడు. చెప్తే నవ్వాడు. తన చెవి ఇంజిన్ మీదే ఉందని, అందులో ఏ తేడా ఉన్నా ముందు తనకే తెలుస్తుందని, ఇంజిన్ శుభ్రంగా ఉందని చెప్పాడు. రవ్వని ఇంకో రెండు మెట్లు ముందుకి జరపొచ్చట. జరిపాడు కూడా.

చప్పుడు ఇంజిన్‌ది కాదని ఆయనే అంటే, ఇక అది దేనిది?

హస్నా ఇంటికి పోదామంది. రొస్లాన్ పైపుతో సహా డిప్పలు వెనక్కి అందించాడు.

"అంత భయమైతే ఇవి పెట్టుకో. ఇంజిన్ తప్ప లోకంలో ఇంకేదీ వినపడదు. ఈసారికి నేను అంకెలు చూసుకుంటాలే."

బండి కిందికి దిగి మళ్ళీ తిరిగింది. హస్నా డిప్పలు రెండు చేతులా అదుముకుంది. నిజమే... గాలి లేదు, అడవి లేదు, మొగుడి గొంతు లేదు. ఇంజిన్ ఒక్కటే, పెద్ద పిల్లి గురక పెట్టినట్టు. ప్రాణం కుదుటపడింది. కళ్ళు మూసుకుంది.

మలుపు తిరిగింది. ఇదాం కాలు అదిమాడు.

డబ్బా ఆమె చెవుల్లోనే మోగింది.

బయట కాదు. గట్టు మీద కాదు. ఆ రాగి గొట్టంలో నుంచి, రబ్బరు పైపులో నుంచి, వందమంది పిల్లలు వంద డబ్బాలు ఆడించినట్టు —

తమ్ముడి భుజం పట్టుకుంది. "కాలు తియ్యి."

వాడు తీశాడు. తీసిన క్షణమే డబ్బా ఆగిపోయింది.

దెయ్యం కాలు తీస్తే ఆగుతుందా?

హస్నా డిప్పలు తీసి, ముందుకి వంగి, మొగుడి చెవులకి తనే పెట్టింది. సగం కాలే నొక్కు, మూడంకెలు లెక్కపెట్టేంత సేపే అని తమ్ముడితో చెప్పింది. వాడు నొక్కాడు.

ఒకటి... గలగలమని మొదలైంది. గట్టుకి కొట్టుకుని కిటికీలో నుంచి లోపలికి వస్తోంది.

రెండు... రొస్లాన్ కళ్ళు మూసుకుని వింటున్నాడు. జోలపాట వింటున్నవాడిలా ఉంది ముఖం.

మూడు. ఇదాం కాలు తీశాడు.

"చూశావా," అన్నాడు రొస్లాన్ డిప్పలు దించి. "ఎంత శుభ్రంగా ఉందో."

అద్దంలో ఇదాం అక్క వైపు చూశాడు. అక్క వాడిని చూడటం లేదు. ఆమె కళ్ళ ముందు నజ్మీ తల్లే మెదులుతోంది. కొడుకు పోయిన నలభయ్యో రోజున, మీ ఆయన ఎంత శ్రద్ధగా చేశాడమ్మా ఆ బండి అని, తన చేతులే పట్టుకుని ఏడ్చిన మనిషి.

"ఇంజిన్ ఆపెయ్ రా," అంది.

బండి పక్కకి తీసి ఆపాడు. దీపాలు కూడా ఆర్పేశాడు. చీకట్లో హస్నా మొగుడి భుజం మీద చెయ్యి వేసింది.

"ఏమండీ... కీచురాళ్ళు వినిపిస్తున్నాయా?"

"ఎన్నిసార్లు చెప్పనే," అన్నాడు రొస్లాన్ మెల్లగా. "ఈ ఏడు లేవు."

చుట్టూ కొండ కొండంతా కీచురాళ్ళతో చెవులు చిల్లులుపడేలా అరుస్తోంది.