ముక్క వచ్చింది, వస్తారా?

"ఇది ముక్క కాదు డాక్టరు గారూ, జావ."

ఆపరేషన్ థియేటర్ బయట ఆమె చేతిలోని గొట్టాన్ని ఎత్తి చూపించింది. అప్పుడే బయటికి వచ్చిన కుర్ర సర్జన్ గొట్టాన్నీ, ఆమె ముక్కు మీది కోపాన్నీ మార్చి మార్చి చూశాడు.

పై అంతస్తులోని ల్యాబ్‌లో అందరూ ఆమెను పేగులమ్మ అంటారు. పేగు ఎక్కడైనా మూసుకుపోతే దానికి పైభాగం బుడగలా ఉబ్బిపోతుంది. అడ్డు తీసేసినా రోజుల తరబడి కదలదు. పేగు గోడలోని కండర కణాలకు బిగుసుకునే శక్తినిచ్చే జన్యువు ఎక్కడికీ పోదు, కణంలోనే ఉంటుంది. దాన్ని చదవడమే కణం మానేస్తుంది. పేగు ఉబ్బి కణాలు సాగిపోవడం వల్లే ఇలా మానేస్తున్నాయని ఆమె అనుమానం. అది తేలాలంటే ఆపరేషన్‌లో తీసిన ముక్క వెంటనే ఐసులో పడాలి. ఆలస్యమైతే కణం ఏ జన్యువును చదువుతోందో చెప్పే ఆర్ఎన్ఏ కాస్తా నాశనమైపోతుంది. నెలాఖరులోగా మంచి ముక్కలు దొరక్కపోతే వేరే పని చూసుకోమని ప్రొఫెసర్ చెప్పేశాడు.

"రక్తం ఆగలేదండీ," అన్నాడతను నెమ్మదిగా. "మనిషిని చూసుకునేసరికి మీ గొట్టం గుర్తు రాలేదు."

ఆమె కోపం చప్పున చల్లారింది. "ఆయనెలా ఉన్నారు?"

"బతికారు."

అయితే ఈసారికి సరే, వచ్చేసారి మాత్రం మర్చిపోవద్దని చెప్పి, సిగ్గు దాచుకోవడానికి గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

వచ్చేసారి ఐసు పెట్టెతో అతనే మెట్లన్నీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. లిఫ్ట్ కోసం ఆగితే మీ జన్యువులు అలుగుతాయేమోనని భయపడ్డానన్నాడు, రొప్పుతూనే. ఆ తర్వాత ప్రతిసారీ అతనే. పల్చటి రబ్బరు పొర మీద కణాలను పెంచి, పొరను సాగదీసి, వాటికేమవుతుందో ఆమె మైక్రోస్కోప్‌లో చూపించేది. అతను చిన్నపిల్లాడిలా ప్రశ్నలు వేసేవాడు. అవసరానికి మించి చెబుతున్నానని ఆమెకూ తెలుస్తూనే ఉంది. ఆపరేషన్లు లేని రోజుల్లో మెట్ల మీద ఎవరి అడుగులు వినిపించినా తల తిప్పేది. తర్వాత తనను తానే తిట్టుకునేది.

ఒక ఉదయం వదిన ఆమెకు జడ వేస్తోంది. ఫోన్ మోగితే ఆమె స్పీకర్ నొక్కింది.

"ముక్క వచ్చింది, వస్తారా?" అంది మగ గొంతు.

సగం జడతోనే ఆమె పరుగు తీసింది. వదిన తిన్నగా వంటింట్లోకి వెళ్లి, మన పిల్ల మాంసం కొట్టతనితో ప్రేమలో పడిందని అత్తగారి చెవిన వేసింది.

సాయంత్రం అమ్మ కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ఏ వ్యాపారమైనా తప్పు లేదంది. తూకంలో మోసం చేసే మనిషి కాకపోతే చాలంది. కూతురు పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, సంగతంతా చెప్పింది.

వదిన మాత్రం వదల్లేదు. "సరే, మాంసం కొట్టు కాదు. మిగతాది నిజమేనా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. పడుకోబోయే ముందు అమ్మ, ఆ అబ్బాయిని ఒకసారి ఇంటికి పిలవమంది.

నెలాఖరు రానే వచ్చింది. బయట వాన. సాగదీసిన కణాల్లో ఆ జన్యువును చదవడం ఆగిపోయిందని ముందే తేలింది. ఆ రోజు, పొర వదులు చేసిన కణాల లెక్క రావాలి. తెర మీద గీత మెల్లగా కదిలి, ఉన్నట్టుండి పైకి లేచింది. వేళ్లు వాటంతటవే ఫోన్ నొక్కాయి.

"మళ్లీ చదువుతున్నాయి," అంది. "వదులు చేశాక మళ్లీ చదువుతున్నాయి. అంటే మీ పేషెంట్ల పేగును తొందరగా కదిలించే దారి ఉంది."

అతను గబగబా అడిగాడు. "ప్రొఫెసర్ గారేమన్నారు?"

"ఇంకా చెప్పలేదు."

"నాకే ముందా?"

ఆమె స్టూలు మీద కూలబడింది. "ఊఁ."

కాసేపటికి అతను ఇంటి నుంచి వానలోనే ల్యాబ్‌కు వచ్చాడు. జుట్టు తడిసి ఉంది. ఐసు పెట్టె లేని చేతులను ఏం చేసుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఊరికే రావాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ఏం చెప్పి రావాలో తెలియలేదు."

"ఇప్పుడు చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం."

ఆమె వాన వైపు తిరిగి నవ్వు దాచుకుంది. "ఇంకా మీరేనా?"

అతను తడబడ్డాడు. "నువ్వంటే."

"అయితే ఆదివారం మా ఇంటికి రా. అమ్మ నిన్ను చూడాలంటోంది."

ప్రొఫెసర్‌కు ఫోన్ చేయాలన్న సంగతి మర్నాటి దాకా ఆమెకు గుర్తే రాలేదు.