వదులు క్లాంపు

హుగ్లీ ఒడ్డు మహానగరంలో, భవానీపూర్‌లో ఓ సందు చివరనున్న ఆ మోటారు గ్యారేజీకి షట్టరుంది, బోర్డుంది, నేలనిండా గ్రీజు మరకలున్నాయి. లేనిదల్లా గిరాకీ. వస్తే చీఫ్ ఢిల్లీశ్వరరావుకే చిరాకు. ఎందుకంటే అది ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్ వారి సేఫ్ హౌస్.

"కూకో జాబేజ్," అన్నాడు చీఫ్.

జాబేజ్ కూర్చోలేదు. వారంరోజులుగా అతనికి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికైనా పరిగెత్తాలనిపిస్తోంది. మెకానిక్ వేషానికి తొడుక్కున్న నీలం చొక్కా బొత్తాన్ని ఊరికే తిప్పుతూ నిలబడ్డాడు.

వారం కిందట నౌకాదళం లేబొరేటరీలోంచి గోరంత రాడార్ చిప్ ఒకటి మాయమైంది. లాకర్ తాళం చివరగా ముట్టుకున్నది టెక్నీషియన్ కృపాదానం. ఇప్పుడు ఆయన లాకప్‌లో ఉన్నాడు. కృపాదానం జాబేజ్ కన్నతండ్రి.

"మీ నాన్న కేసులో నిన్నెట్టుకోకూడదని పైనుంచి ఒకటే ఫోన్లు. ఎలాగో సర్దినాను," అన్నాడు చీఫ్. "నీకు గన్ను లేదు. నా ఆర్డర్ లేకుండా గుమ్మం దాటవు. సరేనా?"

"సరే సార్. చిప్పు ఎక్కడుంది?"

"మాన్‌సూన్ ముఠా చేతిలో. ఇయాళ దేశం దాటించేస్తారు. ఆ ముఠాలో మన మనిషి ఉంది, ఏజెంట్ కోహినూర్. వస్తాది, సెప్తాది. చిప్పు దొరికితే దాని మీద ఎవరి వేలిముద్రలున్నాయో తేల్తాది, మీ నాన్న ఇంటికొస్తాడు. దొరక్కపోతే..."

జాబేజ్ తిప్పుతున్న బొత్తం ఊడి చేతిలోకొచ్చింది.

ఇంతలో సందు మొదట్లో ఓ ఈల వినిపించింది. ఆ ఈల దగ్గరికి వచ్చి, ఎర్రటి టర్బో కారుగా మారి, గ్యారేజీ ముందు ఆగింది. అందులోంచి దిగిన కోహినూర్‌ను, అంటే వసుధను, చూస్తే ఎవరైనా సినిమా షూటింగ్ ఎక్కడా అని అడుగుతారు. నల్ల కళ్లద్దాలు, పట్టు స్కార్ఫ్, మోచేతికి ఖరీదైన హ్యాండ్‌బ్యాగ్. ఆర్నెల్ల కిందట హైదరాబాద్ నుంచి వచ్చింది. అందమైన కార్లు కొని అమ్మే అమ్మాయిగా ముఠాలోకి దూరింది. ఆ బ్యాగులో పిస్టల్ ఉంటుందని జాబేజ్‌కి తెలుసు. ఇచ్చింది డిపార్ట్‌మెంటే.

"ఈడ పాత అంబాసిడర్ కార్బ్యురేటర్ దొరుకుతదా?" అంది. అది కోడ్.

"జ్ఞాపకాలే దొరుకుతాయి మేడమ్," అన్నాడు జాబేజ్. అదీ కోడే.

వసుధ కళ్లద్దాలు తీసింది. "సార్, చిప్పు కొరియర్ చేతిల ఉంది. బ్యాంకాక్ ఫ్లైట్. ఇప్పుడే పోతే చెక్-ఇన్‌లనే దొరుకుతడు."

చీఫ్ మరో మాట అడగలేదు. మనుషుల్నందరినీ రెండు జీపుల్లో ఎక్కించాడు. జాబేజ్ కూడా అడుగు ముందుకేశాడు.

"నువ్వుండు. అమ్మాయి కారేదో ఈలేస్తంది, దాని సంగతి చూడు."

జీపులు వెళ్లిపోయాయి. నాన్న బతుకు ఎయిర్‌పోర్టులో తేలుతుంటే తానిక్కడ బానెట్ ఎత్తుతున్నాడు. జాబేజ్‌కి ఏడుపొక్కటే తక్కువ.

"జల్ది చెయ్యి భయ్యా," అంది వసుధ. "షాలిమార్ యార్డుల గూడ్స్ బండికి ఎక్కియ్యాలె. చెన్నై పార్టీకి అమ్మిన. వట్టి కవర్ స్టోరీనే, కానీ టైముకి చేరకుంటే ముఠాకి డౌటొస్తది. పికప్ లేదు, ఇంజన్ లైట్ వెలుగుతుంది."

జబ్బేమిటో చూడగానే తెలిసిపోయింది. కంపెనీ వాళ్ల ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసేసి, బయట దొరికే కోన్ ఫిల్టర్ పెట్టారు. మూకుడులాంటి పెద్ద ఫిల్టర్, కొత్త పైపు, రెండు క్లాంపులు. క్లాంపులు రెండూ వదులు. సందుల్లోంచి సెన్సర్ లెక్కకు రాని గాలి చొరబడుతోంది. టర్బో ఈ లెవెల్లో పీలుస్తుంటే ఈల వెయ్యక ఏం చేస్తుంది? స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ పడిన గాడి కాదది, రూపాయి బిళ్లతో తిప్పిన గాడి.

"ఎవరు బిగించారు?"

"టికియాపారాల ఒక మిస్త్రీ. నిన్న పొద్దున. నేను పక్కన్నే నిలబడి చేయించిన."

జాబేజ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తల ఎత్తకుండా సందులోకి చూశాడు. ఎదురు కార్ఖానాలో ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ విగ్రహం ఇంకా నిమజ్జనానికి వెళ్లలేదు. కరెంటు తీగల మీద చిరిగిన గాలిపటాలు వేలాడుతున్నాయి. నిన్న విశ్వకర్మ పూజ. నిన్న ఈ ఊళ్లో పనిముట్లన్నిటికీ బొట్లు పెట్టి, దండలు వేసి, పడుకోబెట్టారు. లక్ష రూపాయలిస్తానన్నా స్పానర్ ముట్టే మిస్త్రీ ఉండడు. వీధికో కార్ఖానా ఉన్న టికియాపారాలో అయితే అసలే ఉండడు. అక్కడే పుట్టి పెరిగిన జాబేజ్‌కి అది ఎవరూ చెప్పక్కర్లేదు. నాన్న రైల్వే షెడ్డులో ఫిట్టరుగా ఉన్నప్పుడు, చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషై ఉండి కూడా, ఆ రోజు మాత్రం ఇంట్లో మేకు కొట్టనిచ్చేవాడు కాదు. "దేవుడి సంగతి దేవుడిది. నా జతగాళ్లు పనిముట్లు దించినాక నానెలా ఎత్తుతాను?" అనేవాడు.

మరి నిన్న పొద్దున రూపాయి బిళ్లతో ఈ ఫిల్టర్ బిగించిందెవరు? ఎందుకు అంత రహస్యంగా?

ఫిల్టర్‌ని కాస్త పైకి లేపాడు. ఉండాల్సిన దానికన్నా బరువుగా ఉంది. చివరి రబ్బరు మూత చుట్టూ కొత్త జిగురు గీత కనబడింది.

"తీయకు," అంది వసుధ. గొంతులో నవ్వు లేదు. చెయ్యి హ్యాండ్‌బ్యాగులో ఉంది. "బిగించు, చాలు."

ఇద్దరి మధ్యా కారు ముక్కు అడ్డం. అతను చెయ్యి చాచేలోగా ఆమె రెండు గుళ్లు పేల్చగలదు. కారు కదలకుండా చేద్దామంటే, ఫిల్టర్ ఊడబీకి టాక్సీ ఎక్కేస్తుంది. కారు కదలాలి. కదిలి, దిగి పారిపోవడానికి వీల్లేని చోట ఆగాలి.

జాబేజ్ ఏమీ గమనించనట్టు తలూపి, రెండు క్లాంపుల్నీ పళ్లు బిగబట్టి మరీ బిగించాడు. తరవాత తుడుస్తున్నట్టుగా చెయ్యి కిందికి పోనిచ్చి, టర్బో నుంచి ఇంజన్లోకి గాలిని నెట్టే హోస్ దగ్గర మూడో క్లాంపుని వదులు చేశాడు. మెల్లగా పోతే అది ఏమీ అనదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం లోపలి గాలి ఆ హోస్‌ని తన్నేస్తుంది. పని వదులుగా వదిలెయ్యడం అతను జన్మలో ఎరగడు.

కారు స్టార్టయింది. ఈల లేదు. వసుధ సంతోషంగా చెయ్యూపి వెళ్లిపోయింది.

జాబేజ్ చీఫ్‌కి ఫోన్ చేశాడు. "సార్, చిప్పు ఎయిర్ ఫిల్టర్‌లో ఉంది. కోహినూర్ అవతలి మనిషి."

"నీకేటి, పిచ్చా? మీ నాన్న బెంగతో బుర్ర పాడయ్యింది. గుమ్మం కదిలితే ఉజ్జోగం ఊడతాది!"

పక్క కొట్టువాడి స్కూటర్ స్టార్ట్ చేస్తూ, "అలాగే సార్," అన్నాడు జాబేజ్.

రెండో హుగ్లీ వంతెన ఎక్కే దగ్గర ఎర్ర కారు కనబడింది. విగ్రహాల లారీల వెనక బుద్ధిగా, పెళ్లికూతురిలా పోతోంది. జాబేజ్‌కి ఒళ్లు మండింది. ఇంత నెమ్మదిగా పోతే హోస్ ఊడదు. వంతెన దిగితే షాలిమార్ యార్డు, అక్కడ ముఠా మనుషులు.

గూఢచారికి నేర్పే మొదటి పాఠం కనబడకుండా వెంబడించడం. జాబేజ్ స్కూటర్‌ని లారీ పక్కనుంచి దూర్చి, సరిగ్గా ఆమె అద్దంలో పడేలా వెళ్లి, హారన్ కొట్టి, చెయ్యూపాడు.

అద్దంలో నల్ల కళ్లద్దాలు ఇటు తిరిగాయి. ఎర్ర కారు పక్క లేన్‌లోకి ఒక్క ఉరుకు ఉరికింది. ముందు రోడ్డంతా ఖాళీ. వసుధ కాలు నేలకంటా తొక్కింది.

ధనామని మోత. నల్లటి పొగ. వంతెన నడిబొడ్డున, నదికి సరిగ్గా పైన, కారు దగ్గి దగ్గి ఆగిపోయింది.

జాబేజ్ చేరేసరికి ఆమె బానెట్ ఎత్తి, ఫిల్టర్‌ని రెండు చేతులా పట్టుకుని లాగుతోంది.

"దూరముండు! దీన్ని నీళ్లల్ల ఇసిరేస్తా. మీ నాయన జన్మంతా దొంగలెక్కనే ఉంటడు!"

ఆమె లాగింది. గుంజింది. రూపాయి బిళ్ల తీసి స్క్రూలో పెట్టి తిప్పింది, బిళ్ల జారి రోడ్డు మీద దొర్లిపోయింది. ఫిల్టర్ వెంట్రుకవాసి కదల్లేదు.

"బిగించమన్నారు కదా మేడమ్," అన్నాడు జాబేజ్. "బిగించాను."

పిస్టల్ బయటికొచ్చింది. "తియ్యి."

"స్క్రూడ్రైవర్ గ్యారేజీలో ఉండిపోయింది."

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. అప్పుడే వెనక ఓ మోటార్‌సైకిల్ ఆగింది. తెల్ల యూనిఫాం సార్జెంట్ చలాన్ మెషీన్ తీస్తూ, "దిదీ! బ్రిడ్జ్ మీద గాడీ దాఁడానో మానా!" అని, వంతెన మీద బండి ఆపకూడదని అరిచాడు. అలవాటైన ఏజెంట్ కదా, వసుధ కళ్లు మూసి తెరిచేలోగా పిస్టల్ని బ్యాగులో దాచేసి, తీయగా నవ్వుతూ అటు తిరిగింది. ఆ ఒక్క తిరుగుడు చాలు. జాబేజ్ బ్యాగు లాక్కున్నాడు.

"దాదా, చలాన్ తరవాత," అన్నాడు సార్జెంట్‌తో, ఐడీ కార్డు చూపిస్తూ. "ముందు బేడీలు."

చిప్పు రబ్బరు మూతలోనే ఉంది. దాని మీద వసుధ వేలిముద్రలున్నాయి, ఆమెకు లాకర్ తెరిచిపెట్టిన లేబొరేటరీ పై అధికారివీ ఉన్నాయి. కృపాదానానివి లేవు. చీఫ్ ఎయిర్‌పోర్టు నుంచి ఉత్తచేతుల్తో వచ్చి చాలాసేపు పొడిదగ్గు దగ్గాడు. ఉద్యోగం ఊసు మళ్లీ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం టికియాపారాలో తండ్రీకొడుకులు కంచాల ముందు కూర్చున్నారు. లాకప్‌లో చిక్కిపోయిన నాన్న కంచంలోకి జాబేజ్ ఇంకో గరిటెడు అన్నం వడ్డించాడు. డిపార్ట్‌మెంట్ రహస్యాలన్నీ గాలికొదిలేసి జరిగినదంతా చెప్పేశాడు. కృపాదానం నిదానంగా విన్నాడు. కొడుకు తల మీద చెయ్యి వేసి, కాసేపలాగే ఉంచేశాడు.

తరవాత చెయ్యి తీసి, కంచం పక్కకు జరిపాడు.

"అయితే ఆ మూడో క్లాంపు వదులుగా ఒగ్గేసినావన్నమాట."

"నాన్నా, అది కావాలని..."

"కారెక్కడుందిప్పుడు?"

"ఎవిడెన్స్ యార్డులో. సీలేశారు."

"ఎల్లి బిగించీసి రా. అన్నం అప్పుడు తిందుము."

ఆ మధ్యాహ్నం, తుపాకుల కాపలా ఉన్న ఎవిడెన్స్ యార్డు గోడ దూకి, ఏజెంట్ జాబేజ్ తన జీవితంలోకెల్లా ప్రమాదకరమైన మిషన్ పూర్తిచేశాడు. ఈసారి స్క్రూడ్రైవర్ మర్చిపోలేదు.