తలుపు అవతల వినిపించిన గోల్

ఆ ఆదివారం ఇంట్లో ఆరుగురున్నారు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే నాన్న, యూనిఫారాలు కుట్టే అమ్మ, ల్యాబులో రక్తపరీక్షలు చేసే అక్క, మేడ మీద అద్దెకుంటూ ప్రతి మ్యాచ్‌కీ కిందికి దిగొచ్చే, కరెంటు పనులు చేసే కరెంటు బాబాయి, కిటికీ పక్క వాలుకుర్చీలో నాయనమ్మ, ఆ కుర్చీని ఆనుకుని ఎత్తుపీట మీద పదిహేనేళ్ళ పిల్లి. పిల్లికి అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. నడిస్తే చప్పుడు కాదు, అడిగితే తప్ప మాట రాదు. అందుకని ఇంట్లో అందరికీ పిల్లే. ఎవరెక్కడ కూర్చున్నారో ఇంత వివరంగా చెప్పడం దేనికంటే, ఆ తర్వాత మూడు వారాలపాటు ఆ ఇంట్లో ఎవరెక్కడ కూర్చోవాలన్నదే శాసనమైపోయింది.

ఆడవాళ్ళ ఫుట్‌బాల్ టోర్నమెంటు తమ దేశంలో జరగడం అదే మొదటిసారి. పొద్దున్నే అక్క బుగ్గ మీద జెండా రంగులు పూసుకుంది. నాన్న టీవీ వెనక వైర్లు రెండుసార్లు ఊడదీసి పెట్టాడు. అమ్మ మిషను దగ్గర కూర్చునే, "పనీపాటా లేని సంత" అని సణుగుతూ, మ్యాచ్ మొదలయ్యే టైము ఎవరూ చూడకుండా గోడ గడియారంలో చూసుకుంది.

అసలు ఆ ఇంటికి ఈ పిచ్చి అంటించింది నాయనమ్మ. ఆడపిల్లల క్రీడా హాస్టల్లో ముప్పై ఏళ్ళు బట్టలుతికింది. ఇప్పటి జట్టు గోల్‌కీపరు ఆ హాస్టల్లోనే పెరిగింది.

"ఆ పిల్ల ఎడమ మేజోడు ఎప్పుడూ మడమ దగ్గరే చిరిగేది" అనేది నాయనమ్మ. "కుట్టి కుట్టి నా వేళ్ళు జల్లెడయ్యాయి. ఇవాళ అది గోల్ ఆపిందంటే అందులో నా సూది కూడా ఉంది."

కానీ నాయనమ్మ చూపు రెండేళ్ళ నుంచీ మసకబారింది. టీవీ ముందు కూర్చుంటే ఆవిడకు కనిపించేది ఒక పచ్చటి గుడ్డ, దాని మీద ఎవరో గింజలు చల్లినట్టు చుక్కలు. "ఆ కామెంటరీ ఆయన పేర్లు చెప్తాడు గానీ ఎవరెక్కడున్నారో చెప్పి చావడు" అని విసుక్కునేది. అందుకే పిల్లి ఎత్తుపీట మీద కూర్చుని ఆవిడ చెవిలో మెల్లగా చెప్పేది. ఏడో నంబరు కుడి గీత వెంట పరిగెడుతోంది, ఇద్దరు అడ్డమొచ్చారు, వెనక్కి ఇచ్చింది. బడిలో లేచి నిలబడి నాలుగు ముక్కలు చెప్పలేని పిల్ల, నాయనమ్మ చెవిలో మాత్రం గంటన్నర ఆగకుండా చెప్పేది. ఆ చెవి ఒక్కటే దానికి భయం లేని చోటు.

ఆ మొదటి మ్యాచ్ సగం అయ్యేసరికి ఎదుటి జట్టు ఒక గోల్ కొట్టింది. విరామంలో నాయనమ్మ కళ్ళల్లో వేసే చుక్కల మందు అయిపోయిందని అమ్మ పిల్లిని మందుల షాపుకు పంపింది. అక్కడ జనం. తిరిగొచ్చేసరికి మనవాళ్ళు రెండు గోల్స్ కొట్టేశారు. పిల్లి గుమ్మంలో కాలు పెట్టిందో లేదో, ఎదుటి జట్టు కొట్టిన బంతి మన గోల్ స్తంభానికి తగిలి వెనక్కొచ్చింది.

కరెంటు బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా, అక్కడే ఆగు. పిల్లి ఎదురొస్తే బస్సులే ఆగుతాయి, బంతి ఎంత?"

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వుతూనే లేచాడు. "ఇంకో పది నిమిషాలేగా. మెట్టు మీద కూర్చో తల్లీ" అని మందు సీసా అందుకుని తలుపు వేశాడు.

ఆ మ్యాచ్ గెలిచారు. దాంతో అది సెంటిమెంటైపోయింది. రెండో మ్యాచ్‌కి నాన్న అదే చొక్కా ఉతక్కుండా వేసుకున్నాడు. అక్క అదే బుగ్గకు రంగు పూసుకుంది. పిల్లి మేడమెట్లలో మూడో మెట్టు మీద కూర్చుంది. 'మరి నాయనమ్మకు ఎవరు చెప్తారు?' అన్న మాట దాని గొంతు దాకా వచ్చి, అలవాటు ప్రకారం కిందికి దిగిపోయింది. అక్కే అంది, "నేను చెప్తాలే నాయనమ్మకు" అని. చెప్పింది కూడా, అయిదు నిమిషాలు. ఆ తర్వాత కేకలు పెడుతూ టీవీ ముందుకు దూకి మర్చిపోయింది.

అలా మ్యాచ్ జరుగుతున్నంతసేపూ తలుపుకు ఇవతల ఒకరు, అవతల ఒకరు ఏమీ చూడకుండా కూర్చునేవాళ్ళు. మ్యాచ్ అయ్యాక నాయనమ్మ పిల్లిని దగ్గరికి లాక్కునేది.

"నువ్వు చూళ్ళేదు కదా, నేను చెప్తా విను. ఏడో నంబరు మైదానం మధ్యలోంచి కొట్టింది. బంతి మబ్బుల్లోకి వెళ్ళి, ఒక కాకిని పలకరించి, తిన్నగా వచ్చి గోల్లో పడింది."

అది ఎదుటివాళ్ళు పొరపాటున తమ గోల్లో తామే వేసుకున్న గోల్ అని పిల్లికి కిటికీలోంచి వచ్చిన అరుపుల్లోనే తెలిసింది. అయినా అడిగింది. "కాకి ఏమంది?"

"నాకెందుకమ్మా మీ గొడవ, అని తప్పుకుంది."

ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నవ్వు మధ్యలో నాయనమ్మకు ఆయాసం వచ్చింది. ఆ వారమే డాక్టరు గుండె బలహీనంగా ఉందని, ఉద్రేకపడకూడదని చెప్పాడు. "ఇంకొన్నాళ్ళుపోతే ఊపిరి కూడా వద్దంటాడు" అని ఆయన్ని ఎగతాళి చేసింది గానీ, పిల్లి చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఒక్క మ్యాచన్నా నీ నోట వినాలే. మీ నాన్ననడుగు, లోపల కూర్చుంటానని."

"నువ్వే అడుగు."

"నేనడిగితే చాదస్తం అంటాడు. నువ్వడిగితే వింటాడు. పుట్టి ఇన్నేళ్ళకీ ఏదీ అడగలేదు కదా."

ఆ ఒక్క ముక్క అడగడానికి పిల్లికి నాలుగు రోజులు పట్టింది. సెమీఫైనల్ రోజు పొద్దున నాన్న కుళాయి దగ్గర చేతుల జిడ్డు కడుక్కుంటుంటే వెళ్ళి వెనక నిలబడింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. చెప్పు."

"ఇవాళ నేను లోపల కూర్చుంటా నాన్నా. నాయనమ్మ దగ్గర."

నాన్న చేతులు దులుపుకుంటూ నవ్వాడు. కోపంగా కాదు, ముద్దుగానే. "ఈ ఒక్కటి అవనీ తల్లీ. ఇంతదాకా వచ్చి ఇప్పుడు మారుస్తామా? ఫైనల్‌కి మహారాణిలా లోపల కూర్చుందువు గాని."

పిల్లి తలూపింది.

సెమీఫైనల్ ఆ ఊరి స్టేడియంలోనే, రెండు వీధుల అవతల. అక్క రెండు రోజులు లైన్లో నిలబడినా టికెట్టు దొరకలేదు. మూడో మెట్టు మీద కూర్చున్న పిల్లికి ఆ రోజు ఒక కొత్త సంగతి తెలిసింది. స్టేడియంలో జనం కేక గాలిలో తిన్నగా వచ్చేస్తుంది. అదే బొమ్మ టీవీలో పడేసరికి ఆరు అంకెలు లెక్కపెట్టేంత ఆలస్యం. మైదానంలో "అయ్యో" అన్నాక ఆరు లెక్కపెడితే ఇంట్లో "అయ్యో" అంటున్నారు. టీవీ హోరులో ఉన్న లోపలి వాళ్ళందరికంటే ముందు తనకే తెలుస్తోంది. అది తల్చుకుని కాస్త గర్వపడింది కూడా.

చివరి నిమిషాలు. రెండు జట్లూ ఒక్కో గోల్ కొట్టి ఉన్నాయి. అప్పుడొచ్చింది కేక. ఇళ్ళ కప్పుల మీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. పిల్లి ఒకటి, రెండు అని లెక్కపెడుతూనే లేచి తలుపు దగ్గరికొచ్చింది. గోల్ పడింది. మనదే.

లోపల ఇంకా టీవీ హోరే. అందులోంచి కిటికీ పక్కనున్న నాయనమ్మ గొంతు, సన్నగా, తలుపు వైపు తిరిగి పిలిచినట్టు వినిపించింది.

"పిల్లీ... ఏమైందే?"

"ఉండమ్మా, ఇంకా ఏం కాలేదు" అన్నాడు నాన్న.

పిల్లి చెయ్యి తలుపు పిడి మీద ఉంది. జవాబు నాలుక చివర ఉంది. తలుపు తీసినంత మాత్రాన గోల్లో పడ్డ బంతి తిరిగి బయటికి రాదని దానికి తెలుసు. అయినా చెయ్యి పిడిని నొక్కలేదు. మూడు, నాలుగు. నాయనమ్మ మళ్ళీ పిలవలేదు. అయిదు, ఆరు. లోపల ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచారు.

అరుపులు, గెంతులు, ఈలలు. తలుపు తియ్యాలని ఎవరికో గుర్తొచ్చేసరికి పావుగంటైంది. పిల్లి తిన్నగా వాలుకుర్చీ దగ్గరికి వెళ్ళింది. నాయనమ్మ తల గుమ్మం వైపు ఒరిగి ఉంది. "పడుకుంది, లేపకు" అంది అక్క. పిల్లి వంగి చెవిలో, "నాయనమ్మా, గోల్ పడింది" అని చెప్పింది. చెయ్యి వెచ్చగానే ఉంది. కానీ అంత దగ్గరగా వంగినా దాని బుగ్గకు ఊపిరి తగల్లేదు.

ఆ ఇంట్లో పిల్లి గట్టిగా అరవడం అందరూ అదే మొదటిసారి విన్నారు.

అంత్యక్రియలు జరిగిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, నాన్న చెల్లెలైన అత్త ఒక్కతే మిగిలింది. అయిదో రోజు పొద్దున అందరూ టీ గ్లాసులు పట్టుకుని ఎవరి మొహం ఎవరూ చూసుకోకుండా కూర్చున్నారు.

"చివర్లో ఏమైనా అందా అన్నయ్యా, అమ్మ?" అని అడిగింది అత్త.

"ఏం అనలేదమ్మా. గోల్ చూసి, నవ్వుకుంటూ, అలా నిద్రలో పోయింది. పుణ్యాత్మురాలు" అన్నాడు నాన్న. వచ్చిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. చెప్పి చెప్పి తనూ నమ్మడం మొదలుపెట్టాడు.

"చూళ్ళేదు" అంది పిల్లి.

గ్లాసులన్నీ ఆగిపోయాయి.

"నాయనమ్మకు టీవీ కనపడదు. గోల్ ఎట్లా చూస్తుంది? నన్ను పిలిచింది. ఏమైందే అని అడిగింది. నువ్వు ఇంకా ఏం కాలేదన్నావు. అప్పటికే అయిపోయింది నాన్నా. కేక నాకు ముందే వినపడింది."

"పిల్లీ, ఊరుకో" అంది అమ్మ.

"ఊరుకునే ఉన్నానమ్మా. అదే నేను చేసిన తప్పు."

నాన్న మొహం జేవురించింది. "అంటే ఏమంటావే? మా అమ్మను నేనే చంపుకున్నానంటావా?"

"నువ్వని కాదు. నేను తలుపు తియ్యలేదు అంటున్నా. చెయ్యి పిడి మీదే ఉంది, ఆరు దాకా లెక్కపెడుతూ నిలబడ్డా. ఒక్క మాట అరిచినా వినపడేది."

కరెంటు బాబాయి తల దించుకుని, "మొదట అన్నది నేను. నవ్వులాటకన్నాను" అన్నాడు. అక్క రెండు చేతులతో మొహం కప్పుకుంది.

అత్త ఎవరినీ తిట్టలేదు. అన్న వైపు చూసి మెల్లగా, "ఆవిడ కళ్ళను తీసి బయట కూర్చోబెట్టి తలుపేసుకున్నారా అన్నయ్యా" అంది.

నాన్న గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, సెలవు రోజైనా డిపోకు వెళ్ళిపోయాడు. మర్నాడు ఉతకని ఆ చొక్కాను తనే బక్కెట్లో నానబెట్టి, మరకలేమీ లేని చోట కూడా చాలాసేపు రుద్దుతూ కూర్చోవడం పిల్లి కిటికీలోంచి చూసింది. ఆయన భుజాలు కదులుతున్నాయి. అది ఉతకడం వల్ల కాదని దానికి అర్థమైంది. వెళ్ళి వెనక నిలబడింది. "ఏంటమ్మా?" అని ఆయన అడగలేదు. తడి చేత్తోనే దాని చెయ్యి పట్టుకున్నాడు.

ఫైనల్ కూడా ఆ స్టేడియంలోనే, కానీ ఆ మధ్యాహ్నం టీవీ పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి అమ్మే లేచింది. "పెట్టకపోతే అత్తయ్య నన్ను తిడుతుంది. ఆ మేజోళ్ళ పిల్ల ఆడుతోంది" అని స్విచ్చి వేసింది. ఒక్కొక్కళ్ళే వచ్చి కూర్చున్నారు. వాలుకుర్చీ దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు.

పిల్లి చప్పుడు కాకుండా లేచి గుమ్మం వైపు నడిచింది.

"ఎక్కడికి?" అన్నాడు నాన్న.

"మెట్టు మీదికి."

నాన్న కుట్టుమిషను కిందికి తోసేసిన ఎత్తుపీట తీశాడు. అరచేత్తో దుమ్ము తుడిచాడు. తెచ్చి వాలుకుర్చీ పక్కన, ఎప్పుడూ ఉండే చోటే పెట్టాడు.

"కూర్చో."

"వద్దు నాన్నా. ఇప్పుడు ఎవరికి చెప్పాలి?"

ఆయన పిల్లి భుజాలు పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాడు. తను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అన్నయ్యా, నువ్వెక్కడికి? మ్యాచ్ మొదలవుతోంది" అన్నాడు కరెంటు బాబాయి.

"ఎవరో ఒకరు బయటుండాలన్నారుగా. నేనుంటా."

"నాన్నా, నీకేం కనపడదు అక్కడ" అంది పిల్లి.

"నాకు కనపడకపోవడం నాకూ తెలియాలి కదమ్మా." ఆయన తలుపు పిడి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పు. ఎవరెక్కడున్నారో, బంతి ఎవరి దగ్గరుందో. గట్టిగా చెప్పు, తలుపు అవతలికి వినపడాలి. ఇవాళ నీ నోట నేను వింటాను."

పిల్లి కళ్ళు తుడుచుకుంది. టీవీలో అమ్మాయిలు వరసగా మైదానంలోకి వస్తున్నారు. అమ్మ చేతిలోని బట్ట కిందపెట్టి పిల్లి వైపు తిరిగింది. అక్కా అత్తా కూడా తిరిగారు. అందరూ వింటుండగా మాట్లాడాలి. గొంతు దాకా వచ్చిన మాట కిందికి దిగిపోబోయింది. పిల్లి ఖాళీ కుర్చీ చేతి మీద తన చెయ్యి వేసి, ఆ మాటను పట్టి ఆపింది.

"గోల్‌కీపరు ముందొస్తోంది" అంది, కాస్త గట్టిగా. "వంగింది. ఎడమ మేజోడు పైకి లాక్కుంటోంది."

నాన్న పెదవులు బిగపట్టి రెండుసార్లు తలూపాడు.

"కేక నాకు ముందు వినపడితే, నేను ఆగను" అన్నాడు. "ఒకటి రెండు లెక్కపెట్టను. తలుపు బాదేస్తా."

అని బయటికి వెళ్ళి, పిల్లి కళ్ళల్లోకి చూస్తూనే, మెల్లగా అవతలి నుంచి తలుపు లాగి వేశాడు.