స్నానాల తొట్టిలో ఓడ చెక్క

కోడలికి అన్నిటికంటే పెద్ద భయం నీళ్ళు. పాకడం నేర్చిన పాప ఎక్కడ తల ముంచేస్తుందోనని ఇంట్లో బకెట్లన్నీ బోర్లించే ఉంచుతుంది. అలాంటి ఇంట్లో ఆ ఉదయం స్నానాల తొట్టి అంచుదాకా నిండి ఉంది. అందులో నల్లటి చెక్క ఒకటి మునిగి ఉంది.

"ఇదేంటత్తయ్యా?"

"ఓడ పక్కటెముకమ్మా. సముద్రం అడుగున దొరికింది. ఆరిందంటే పెచ్చులు పెచ్చులుగా చీలిపోతుంది. మా యూనివర్సిటీలో తొట్లన్నీ ఖాళీ చేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను."

అత్తగారు యూనివర్సిటీలో మునిగిపోయిన ఓడల గురించి పాఠం చెబుతారు. చేరేవాళ్ళు తక్కువని ఆ కోర్సే ఎత్తేశారు. ఇలాంటి చెక్కను కొలిచి బొమ్మ గీసిస్తే చివరి ఏడాది పిల్లలకి పట్టా ఇస్తామన్నారు. గీయాల్సిన గదికి మాత్రం తాళం వేశారు.

భర్త నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "అమ్మా, మతి పోయిందా? పసిపిల్ల తిరిగే ఇల్లు! నేను స్నానమెక్కడ చెయ్యను?"

"వంటింటి సింకులో చెయ్యి. చిన్నప్పుడు నిన్ను అందులోనే తోమాను."

"జోకులాపు. కోర్సు పోయింది, వదిలెయ్. హాయిగా మనవరాల్ని ఆడించుకో."

అంటూనే బిరడా లాగేశాడు. అత్తగారు గొడవ పడతారనుకుంది కోడలు. ఆవిడ "సరేలే, పాపకంటే ఎక్కువా" అని పీట మీద కూలబడ్డారు. నీళ్ళు గుడగుడమంటూ దిగుతున్నాయి. చెక్క అంచు బయటపడింది.

పదో తరగతి మధ్యలో తనను బడి మానిపించిన రోజు కోడలికి గుర్తొచ్చింది. ఆ రోజూ అందరూ హాయిగా ఉండమనే అన్నారు. చంకలోని పాపను భర్త చేతుల్లో పెట్టి, తన చెయ్యి మోచేతిదాకా నీళ్ళలో ముంచి బిరడా బిగించింది. కుళాయి తిప్పింది.

"భయం నాదండీ. దాన్ని అడ్డం పెట్టుకుని ఆవిడ నోరు మూయించకండి."

"మరి పాప?"

"తొట్టికి మూత చేయిస్తా. తలుపుకి పైన గడియ పెట్టిస్తా. కాపలా కూడా నేనే కాస్తా, ఎలాగూ నాకు నిద్ర పట్టదుగా! అత్తయ్యా, పిల్లల్ని ఇక్కడికే రమ్మనండి. ఎవరొచ్చి ఆపుతారో నేనూ చూస్తాను."

ఏళ్ళ తరబడి సముద్రం అడుగున పనిచేసిన మనిషి, కళ్ళలో నీళ్ళు మాత్రం దాచుకోలేకపోయారు. భర్త తల్లి వైపు చూశాడు. తర్వాత పాపను భుజానికెత్తుకున్నాడు.

"పద బుజ్జీ, మనిద్దరికీ ఇవాళ్టి నుంచి సింకే."

మధ్యాహ్నానికి గుమ్మం నిండా చెప్పులు. ఒకరు కొలుస్తుంటే ఒకరు గీస్తున్నారు. టేపు రెండో కొస పట్టుకుంది కోడలే.

వాళ్ళలో ఒక అమ్మాయి మాత్రం రాలేదు. ఇంక చదివింది చాలని ఇంట్లోవాళ్ళు తీసుకుపోయారట. ఫోన్ ఎత్తడం లేదు. మనిషి పొడుగు, వేళ్ళకెప్పుడూ పెన్సిల్ మసి. మీ వీధిలో అలాంటి పిల్ల కొత్తగా కనిపిస్తే, ఏదో వంకన తలుపు తట్టి ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. తొట్టి నిండుగానే ఉందని చెప్పండి.